క్రేను క్యాబిన్‌లో వీడియో గేముల చెయ్యి

రెండువేల మూడో సంవత్సరం, వానలు మొదలయ్యే వేళకి నన్ను భిలాయిలో ఒక ఫ్యాబ్రికేషన్ కార్ఖానాకు సేఫ్టీ ఆఫీసరుగా వేశారు. పెద్ద ఉక్కు కర్మాగారాలకు గర్డర్లూ ఫ్రేములూ చేసి పంపే ప్రైవేటు సంస్థ అది. పేరు ఇక్కడ అవసరం లేదు. హోదా వినడానికి బాగానే ఉండేది కానీ అధికారం సగమే. మెషీన్ ఆపించగలను, మనిషిని తీసెయ్యలేను. తీసెయ్యమని రాయగలను. రాస్తే మాత్రం పైవాళ్లు సాధారణంగా కాదనేవారు కాదు. అందుకే నేను షాపులో, అంటే పని జరిగే షెడ్డులో, అడుగుపెడితే బీడీలు ఆరిపోయేవి, చంకలో ఉన్న హెల్మెట్లు నెత్తికెక్కేవి.

నమ్మకపోవడానికే నాకు జీతమిచ్చేవారు. 'అంతా బాగుంది సార్' అని ఎవడైనా అన్నాడంటే నేను అక్కడే ఆగి ఇంకోసారి చూసేవాణ్ణి. ఇంట్లో నా భార్య కూడా ఈ గుణానికి విసిగిపోయింది. పాలవాణ్ణి కూడా నిలదీస్తారేమిటండీ అనేది. నిలదీసేవాణ్ణే, ఇప్పుడూ నిలదీస్తాను.

షాపులో ఒక్కో వరుసను బే అంటారు. ప్రతి బేలోనూ పైకప్పు కింద, రెండు పక్కలా వేసిన పట్టాల మీద ఒక క్రేను నడుస్తుంది. ఆపరేటరు ఆ క్రేనుకే వేలాడే క్యాబిన్‌లో కూర్చుంటాడు. చేతి కింద లివర్లుంటాయి. ఒకటి కొక్కేన్ని ఎత్తి దించడానికి, ఒకటి అడ్డంగా జరపడానికి, ఒకటి క్రేను మొత్తాన్ని బే పొడవునా తోలడానికి. చెప్పడానికి ఇంతే. కష్టమంతా ఊపులో ఉంది. క్రేను ఆగినా కింద వేలాడే బరువు ఆగదు, ముందుకు ఊగుతుంది. ఆ ఊపు చంపాలంటే బరువు ఎటు ఊగితే క్రేనును అటే కొంచెం తోలి, సరిగ్గా దాని నెత్తిమీద ఆపాలి. కొత్తవాడి బుర్ర ఇందుకు ఒప్పుకోదు. బరువు ముందుకు పోతుంటే చెయ్యి వెనక్కే లాగుతుంది. లాగితే ఊపు ఇంకా పెరుగుతుంది.

ట్రైనీలు మొదట కొన్ని నెలలు కిందే ఉండి, బరువులకు స్లింగులు, అంటే ఎత్తే తాళ్లు, కట్టడం, చేతి సంజ్ఞలు నేర్చుకుంటారు. తర్వాత క్యాబిన్‌లో ఆపరేటరు పక్కన స్టూలు మీద కూర్చుని చూస్తారు. చూడటం మాత్రమే, లివరు ముట్టుకోకూడదు. ఆ పైన నా ఎదుట ఒక రోజు వస్తుంది. దాన్ని మా షాపులో 'పహలా హాథ్' అనేవారు, అంటే లివరు మీద మొదటి చెయ్యి. నిండా నీళ్లున్న డ్రమ్మును ఎత్తి, బే మధ్య దాకా తీసుకుపోయి, సుద్దతో గీసిన వలయంలో దించాలి. ఆ రోజు అందరూ నీళ్లు ఒలకబోస్తారు. ఆ తమాషా చూడటానికి పక్క బేల వాళ్లు చాయ్ గ్లాసులతో వచ్చి నిలబడేవారు. ఒలికిన నీళ్లు ఆ ట్రైనీయే తుడిచి, అందరికీ సమోసాలు తినిపించాలి. అది ఆనవాయితీ.

దీపక్ ఒలకబోయలేదు.

దీపక్ ఊళ్లోనే రుఆబాంధా బస్తీ కుర్రాడు. పాతికేళ్లకు దగ్గర పడ్డవాడు. తాతలది పలాస వైపు, పుట్టింది భిలాయిలోనే. తెలుగు మాట్లాడుతూ ఉండగానే హిందీలోకి జారిపోయేవాడు. ఆ రోజు డ్రమ్ము ఎత్తాడు, తీసుకెళ్లాడు, ఊపు మొదలవగానే క్రేనును రవ్వంత ముందుకు తోలి దాన్ని అక్కడికక్కడే చంపేశాడు. డ్రమ్ము వలయంలో కూర్చుంది. కింద నేల పొడిగానే ఉంది. చాయ్ గ్లాసుల వాళ్లు ఈలలు వేశారు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

ఎందుకంటే అది మొదటి చెయ్యి కాదని నాకు అనిపించింది. ఎవరో వీడికి దొంగచాటుగా లివర్లు ఇచ్చారు. అనుమతి లేనివాడి చేత నడుస్తున్న షాపులో క్రేను నడిపించడం మా దగ్గర క్షమించే తప్పు కాదు. నడిపినవాడూ పోతాడు, నడపనిచ్చినవాడూ పోతాడు. ఇచ్చినవాడెవడో కనుక్కోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఆ రెండో బే క్రేను ఆపరేటరు అప్పలస్వామి, క్యాబిన్ తాళం ఆయన మొలతాడుకే ఉండేది. ఆయన ఇల్లూ రుఆబాంధాలోనే, దీపక్ వాళ్ల వీధిలోనే. ఇద్దరూ ఒకే స్కూటరు మీద డ్యూటీకి వచ్చేవారు. భిలాయి మధ్యప్రదేశ్ నుంచి కొత్త రాష్ట్రంలోకి పోయి మూడేళ్లు కావస్తున్నా నంబరు ప్లేటు మీద ఎంపీ అనే ఉన్న ఆ పాత స్కూటర్ని గేటు దగ్గర చాలాసార్లు చూశాను. అప్పలస్వామికి రిటైర్మెంటు దగ్గర పడింది. ఇప్పుడు తీసేస్తే ఆ వయసులో ఇంకెవరూ క్రేను ఎక్కనివ్వరు. సంగతి నాకు తెలుసు. తెలిసినా విచారణ మొదలుపెట్టాను.

విచారణలో ఇద్దర్నీ విడివిడిగా పిలిచి ఒకే ప్రశ్న అడగడం పద్ధతి. ముందు అప్పలస్వామి వచ్చాడు. హోదాలో నాకన్నా చిన్నవాడైనా వయసులో పెద్ద. నేను మీరనే అనేవాణ్ణి, ఆయన నన్ను బాబూ అనేవాడు.

"నానెప్పుడూ ఇవ్వలేదు బాబూ. పక్కన కూకోబెట్టేను, అంతే. ఆడు నాకాడ నేర్సుకోలేదు. గేములాడి నేర్సుకున్నాడట."

"ఏ గేములు?"

"టీవీ గేములు. నన్నడిగితే నాకేటి తెలుసు? ఆణ్ణే అడగండి."

దీపక్ కూడా గేముల మాటే చెప్పాడు. ఇద్దరి మాటా ఒక్కటయ్యేసరికి నా అనుమానం ఇంకా గట్టిపడింది. స్కూటరు మీద వస్తూ కలిసి అల్లుకున్న కథ అనుకున్నాను. అయినా వాణ్ణి కూర్చోబెట్టి, చిన్నప్పటి నుంచి ఏమేం ఆడావో చెప్పమన్నాను. అబద్ధమాడేవాణ్ణి ఎక్కువసేపు మాట్లాడిస్తే ఎక్కడో ఒకచోట తడబడతాడు.

వాడు తడబడలేదు సరికదా, ఉత్సాహంగా అందుకున్నాడు. మొదట చేతిలో పట్టుకునే బుల్లి గేము, ఇటుకలు పైనుంచి పడుతుంటే సర్దడం. తర్వాత టీవీకి తగిలించే డబ్బా. ఆ తర్వాత పవర్ హౌస్ బజారులో గేముల పార్లరు. ప్రతి ఆట మీదా వాడికో అభిప్రాయం ఉంది.

"కార్ల గేము బేకార్ సార్, ఉత్త తొందర. తుపాకీ గేములు కూడా అంతే, వేలు తప్ప చెయ్యి ఏటీ నేర్చుకోదు. ఇటుకల గేము అసలైనది. అందులో ఇప్పుడొచ్చిన ఇటుక కాదు, దాని తర్వాతది ఎక్కడ పెడతామో ఆలోచించాల. కానీ నాకు పని నేర్పింది మాత్రం హెలికాప్టరు గేము."

"హెలికాప్టరుకూ క్రేనుకూ ఏం సంబంధం?"

"దానికింద తాడుకి డబ్బా ఉంటాది సార్. మేడ మీద దించాల. డబ్బా ఎటు ఊగితే అటే తోలాల, లేకపోతే గోడకి కొట్టుకుంటాది. పదో క్లాసు నుంచి అదే ఆడుతున్నాను. కసమ్ సే సార్, క్యాబిన్‌లో లివరు ముట్టుకోలేదు. నిజం చెప్తే నమ్మరేటి?"

నమ్మలేదు. కానీ సాక్ష్యం చూడకుండా రాయకూడదు కదా. ఆదివారం సాయంత్రం పవర్ హౌస్ వెళ్లి, బట్టల కొట్ల వెనక ఆ పార్లరు పట్టుకున్నాను. చెమటకంపు, చీకటి, అరుపులు. హెలికాప్టరు ఆట ఉన్నమాట నిజమే. నేనూ కూర్చుని ఆడాను. డబ్బాను నేరుగా మేడకు గుద్దేశాను. తెర మీద అంతా పేలిపోయింది. వెంటనే ఇంకో హెలికాప్టరు వచ్చి నిలబడింది. మళ్లీ గుద్దాను, మళ్లీ కొత్తది వచ్చింది. పక్కనున్న కుర్రాళ్లు "అంకుల్, ధీరే, ధీరే" అని, మెల్లగా తోలమంటూ పడీపడీ నవ్వారు.

వీడియో గేముల మీద నా అభిప్రాయం ఆ సాయంత్రమే ఏర్పడింది, నేటికీ మారలేదు. గుద్దినవాడికి ఏ నష్టమూ జరగని చోట వాడు జాగ్రత్త నేర్చుకుంటాడంటే నేను ఒప్పుకోను. ఒడుపు మాత్రం వస్తుంది, కాదనను. దీపక్ చెప్పినది జరగగలిగిందే. కానీ జరగగలిగింది వేరు, జరిగింది వేరు. దొంగచాటుగా క్యాబిన్‌లో నేర్చుకుని, అడిగితే పార్లరు పేరు చెప్పడం కూడా జరగగలిగిందే కదా!

అప్పుడు ఇంకో దారి ఆలోచించాను. ప్రతి క్రేనుకూ ఒక వంకర ఉంటుంది, దాన్ని నడిపినవాడి ఒంటికి ఆ వంకర అలవాటవుతుంది. రెండో బే క్యాబిన్‌లో ఎడమ పక్క కరెంటు ప్యానెల్ పెట్టె అడ్డంగా ఉండేది. సీట్లో కూర్చుంటే కింద ఎడమ మూల అస్సలు కనిపించదు. అందుకని ఆపరేటరు ప్రతి కదలికకూ ముందు సీట్లోంచి సగం లేచి, పెట్టె మీదుగా తొంగి చూడాలి. లేవనివాడికి కింద నుంచి బూతులు పడతాయి. కొద్దిరోజులు నడిపితే చాలు, వద్దన్నా నడుము దానంతటదే లేస్తుంది. దాచుకుందామన్నా దాగదు.

మర్నాడు భోజనాల వేళ బే ఖాళీ చేయించి, ఇంకోసారి డ్రమ్ము ఎత్తాలని దీపక్‌కు చెప్పాను. అప్పలస్వామిని క్యాబిన్ ఎక్కనివ్వకుండా కిందే ఉంచి, మూడో బే ఆపరేటర్ని దీపక్ పక్కన కూర్చోబెట్టాను, ప్రమాదమైతే తప్ప నోరు విప్పవద్దని చెప్పి. మెయిన్ స్విచ్చి దగ్గర ఎలక్ట్రీషియన్ని నిలబెట్టాను. నేను వెళ్లి ఎడమ మూలలో, డ్రమ్ము దారికి దూరంగా స్తంభం పక్కన నిలబడ్డాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు, నేనేం చేసినా పట్టించుకోవద్దని మాత్రం కింద సంజ్ఞలిచ్చే సిగ్నల్‌మన్‌కూ అప్పలస్వామికీ చెప్పాను. మా రూలు ప్రకారం క్రేను కదలమని చెప్పే హక్కు ఒక్క సిగ్నల్‌మన్‌కే ఉంది. ఆగమని మాత్రం ఎవరైనా చెప్పవచ్చు. ఊడ్చేవాడు చెయ్యెత్తినా ఆపరేటరు ఆపి తీరాలి.

డ్రమ్ము లేవకముందే నేను ఆగమని చెయ్యెత్తాను. దీపక్ లేవలేదు. బెల్లు కొట్టాడు, కొక్కెం వంకే చూస్తూ డ్రమ్ము లేపాడు. క్రేను నడిచింది, ఆగింది, అడ్డంగా జరిగింది. ప్రతి కదలిక ముందూ చూశాను, నడుము సీట్లోంచి అంగుళమైనా లేవలేదు. నా చెయ్యి అలాగే ఉంది. డ్రమ్ము వలయం నడుమ పువ్వులా దిగింది. గేటు దగ్గర గుమిగూడినవాళ్లు చప్పట్లు కొట్టారు. నా చెయ్యి ఇంకా పైకే ఉంది.

వాడు నవ్వుకుంటూ మెట్లు దిగి వచ్చాడు. ఎడమ మూల ఎవరున్నారని అడిగాను. ఎవరూ లేరన్నాడు. నేనున్నాను, మొదటి నుంచీ ఆగమంటూనే ఉన్నాను అన్నాను. వాడు గిరుక్కున తిరిగి ఒకసారి క్యాబిన్ వైపు, ఒకసారి ఆ మూల వైపు చూశాడు.

నాకన్నా ముందు అప్పలస్వామికి కోపం వచ్చింది. "ఒరే, రోజూ నా పక్కనే కూకున్నావు గదరా! నాను లేసి సూడ్డం నీకు కనబళ్లేదేటి? డ్రమ్ము దారిలో మనిసుంటే ఏటయ్యేది?"

"నేను హుక్కునే చూసేవాణ్ణి బాబాయ్," అన్నాడు దీపక్. తర్వాత నా వైపు తిరిగి అన్నాడు. "గేములో ఏదొచ్చినా స్క్రీన్‌లోంచే వస్తాది సార్. పక్కనుంచి ఏదీ రాదు."

ఆ మాటతో నా విచారణ ముగిసింది. దొంగచాటుగా లివర్లు పట్టి నేర్చుకున్నవాడైతే నేర్చినదంతా చూపించి ఉండేవాడు, లేవడంతో సహా. వీడు అంత నున్నగా దించి, అంత గుడ్డిగా నడిపాడంటే, మొదటి డ్రమ్ము రోజుకు ముందు ఆ సీట్లో ఎప్పుడూ కూర్చోలేదు. పార్లరులోనే నేర్చాడు. నియమభంగం జరగలేదని, అప్పలస్వామి మీద చర్య అక్కర్లేదని ఆ సాయంత్రమే రాసిచ్చాను. ఆయన ఆ సంగతి విని, సరే బాబూ అని చాయ్‌కి వెళ్లిపోయాడు. తనను అనుమానించినందుకు ఆయనకు నా మీద కోపం లేదు. కుర్రాడి మీద మాత్రం చాలా రోజులు ఉంది.

తర్వాత అసలు గొడవ షాపు మేనేజరుతో వచ్చింది. ఆపరేటర్లు దొరకని రోజులవి. అంత మంచి చెయ్యి ఉన్నవాడికి ఇప్పుడే సర్టిఫికెట్ ఇచ్చి సీట్లో కూర్చోబెట్టమన్నాడు, తొంగి చూడటం మెల్లగా అదే వస్తుందన్నాడు. మెల్లగా రావడానికి కింద ఎవరి ప్రాణం పెడదాం అని అడిగాను. నేను సంతకం పెట్టనన్నాను. దీపక్ మళ్లీ స్టూలుకు వెళ్లాడు. ఈసారి వాడి పని కొక్కెం చూడటం కాదు. ప్రతి కదలికకూ ముందు కింద ఎవరెవరు ఎక్కడున్నారో అప్పలస్వామికి గట్టిగా చెప్పాలి. నీళ్లు ఒలకబోసిన వాళ్లందరూ వాడికన్నా ముందు ఆపరేటర్లయ్యారు. అది వాడికి అవమానం. నిజం చెప్పినందుకు శిక్ష వేశారు సార్ అని నా ఎదుటే అన్నాడు. శిక్ష కాదని నేను వాదించలేదు. దీపావళి దాటాక మళ్లీ పరీక్ష పెట్టి, లేచి చూస్తాడని నమ్మకం కుదిరాకే సంతకం పెట్టాను. తర్వాత చాలా ఏళ్లు నడిపాడు. ఇప్పుడు సెక్టర్ 7 బజారులో నేను ఎదురైతే నమస్కారం పెట్టడు. నేనూ ఆశించను.

నా అనుమానం తప్పని ఈ రోజుకీ అనుకోను. ఎక్కడో ఏదో తేడా ఉందని అది సరిగ్గానే చెప్పింది. దొంగతనం ఉందేమోనని వెతికాను, ప్రమాదం దొరికింది. ఆ తర్వాత పనిచేసినన్నాళ్లూ కొత్తవాడి చేతిలో మంచి పనితనం కనిపిస్తే, ఎక్కడ నేర్చుకున్నావని ముందుగా అడిగేవాణ్ణి. మెచ్చుకోవడానికి అడుగుతున్నానని వాళ్లు పొంగిపోయేవారు. మనిషికి పనితనం ఎక్కడి నుంచి వస్తుందో గుడ్డితనమూ అక్కడి నుంచే వస్తుంది. నేను వెతికేది ఆ రెండోదాన్ని.