ఆ 'ఒక్కటి' వింటుందా?

మా నాచారం అపార్ట్‌మెంటులో శనివారం మధ్యాహ్నాలు ఆడవాళ్లం పదిమందిమి కూర్చుని ఏదో ఒకటి చదువుకుంటాం. బడి మొహం చూడని నాకు మా నాన్న ఇంట్లోనే చదువు చెప్పారు. చదివి చెప్పే పని నాకు దక్కిందంటే అది ఆయన పెట్టిన భిక్షే.

ఆ వారం పాతకాలపు గ్రీకు తత్వం చదువుతున్నాం. సమస్తానికీ మూలం 'ఒక్కటే' అని, సూర్యుడి నుంచి వెలుగు వచ్చినట్టు దాని నుంచే అన్నీ వచ్చాయని చెబుతుంటే మూడో అంతస్తు అక్క మధ్యలో ఆపింది. మర్నాడు ఉదయం వాళ్లాయనకు ఉప్పల్ దవాఖానాలో గుండె ఆపరేషన్.

"గా ఒక్కటి మనం మొక్కితే ఇంటదా?"

అబద్ధం చెప్పలేను.

"వాళ్ల లెక్కన ఇనదక్కా. ఎవరి వాకిట్ల ఎండ పడ్డదో సూర్యునికి ఎరుకుంటదా?"

ఆమె ముఖం పాలిపోయింది.

"ఆపరేషన్ ముంగట గిదా చెప్పేది? మస్తు ధైర్యం చెప్పినవ్ పో!" అని పక్కామె నన్ను గదమాయించింది.

"జర ఇనున్రి. తర్వాత క్రైస్తవ సన్యాసులు, సూఫీలు గా తత్వాన్నే తీసుకున్నరు. కానీ ఊకోలేకపోయిన్రు. దాన్నే 'నువ్వు' అని పిలుసుకుంట ఏడ్చిన్రు."

"ఎవరి మాట నిజం?" అంది అక్క.

"నాకు తెల్వదక్కా. నేనైతే పిలుస్తా."

అక్క నా చేతిలోని పుస్తకం మూసేసింది. "గట్లయితే ఇప్పుడే పిలువు. నా పక్కన కూసొని పిలువు."

కూర్చున్నాను. ఆమె చెయ్యి చల్లగా ఉంది. రేపు ఆయన గుండె ఆగకూడదని, వినేవాళ్లున్నారో లేరో ఆలోచించకుండా, పైకే అడిగాను.