ఎర్ర గుర్తు

రాయదుర్గంలో మా ఆఫీసు గేటుకు ఎర్రరంగు వేస్తుంటే, ఆ వాసనకు మా పాత బస్తీ గుర్తొచ్చింది.

నాకప్పుడు ఏడేళ్లు. రోడ్డు వెడల్పు చేయడానికి వచ్చినవాళ్లు మా సందులో కూల్చబోయే తాతల నాటి ఇళ్లన్నిటికీ ఎర్రగుర్తు వేశారు. చివరనున్న నా స్నేహితురాలు లలిత వాళ్లింటికి మాత్రం వేయలేదు. అదేదో బహుమతి అనుకుని లలిత ఏడ్చింది. వాళ్లు వదిలేసిన డబ్బాలో మిగిలిన రంగుతో నేనే వాళ్ల గోడమీద గుర్తు వేశాను.

అది చూసి లలిత నాయనమ్మ గడపమీదే కూలబడింది.

"గిదొక్కటన్న మిగిలిందనుకున్నం గద బిడ్డా!" అంది.

భయంతో నేను రంగంటిన చేతులు వెనక్కి దాచుకున్నాను.

ఎలాగూ కూల్చేస్తారని ఆ వారమే వాళ్లు ఇల్లు ఎవరికో వచ్చినకాడికి అమ్మేసి వెళ్లిపోయారు. ఆటో ఎక్కేముందు లలిత నా చెవిలో, "నువ్వే ఏసినవని ఎవ్వరికి చెప్పలే," అంది.

రోడ్డు వాళ్ల ఇంటి ముందే ఆగిపోయింది. నేను ఒక్కమాట చెప్పి ఉంటే వాళ్లు అక్కడే ఉండేవారు.