అత్త ఒళ్లో డాక్షండ్

ఆదివారం ఉదయం ఏడున్నరకు, బీదర్ శివారు చిద్రిలో, మా మేనత్త ఇంటి వాకిట్లో నాకు ఒక కుక్క మీద అసూయ మొదలైంది.

అత్త తన పొట్టికాళ్ల డాక్షండ్ కుక్కను ఒళ్లో పడుకోబెట్టుకొని దువ్వుతున్నది. వేలాడే చెవిని ఎత్తి తుడిచే ముందు ప్రతిసారీ దాని నుదుటిని బొటనవేలితో నిమిరి, "జర ఓర్సుకో బిడ్డా, అయిపాయె" అనేది. చిన్నతనంలో కుంకుడు రసం కళ్లలో పడి నేను ఏడ్చినప్పుడు నన్నూ అలాగే నిమిరేది. నేను మా ఇంటిలో మొదటి పట్టభద్రుణ్ణి అయిన నాటి నుంచి, గౌరవంతోనే నన్ను దూరం పెడుతూ వచ్చింది.

"కుర్సీల కూసోండ్రి సారు, ప్యాంటుకు బొచ్చు అంటుతది" అన్నది.

నేను వినకుండా నేల మీద కూర్చున్నాను. ఆమె కుక్క గోళ్లు కత్తిరించబోతుంటే దాని కాలు పట్టుకున్నాను. అది గింజుకొని తప్పించుకున్నది.

"గట్లనా పట్టేది, ఎడ్డోడా! గంత సదివినవ్, కుక్కకాలు పట్టరాదా నీకు?" అని కసిరింది. నా వేళ్లను తన వేళ్లతో వంచి, పట్టు సరిచేసింది.

ఆ తరువాత ఆమె నన్ను ఎన్నడూ 'సారు' అనలేదు. కుక్క మీద నా అసూయ మాత్రం పూర్తిగా పోలేదు.