కుడి ఎడమల తగువు

మా అమ్మమ్మ పట్టు ముందు ఉడుము పట్టు ఒక లెక్కా? కళ్లద్దాల కార్ఖానాలో ప్రోగ్రాం రాసేది ఆవిడే. ఇంట్లో రిమోట్ తలకిందులుగా పట్టుకుని టీవీని తిట్టేదీ ఆవిడే.

ఆ వారం తొమ్మిది జతలు తిరిగొచ్చాయి. కుడి కంటి పవరు ఎడమ అద్దంలో, ఎడమది కుడి అద్దంలో. ఓనరేమో అద్దాలు సానపట్టే ఆయన మీద పడ్డాడు. "ఐదింటికి వెళ్లిపో, రేపట్నుంచి రావద్దు" అన్నాడు.

"ముప్పై ఏళ్ల చెయ్యి అక్కా ఇది. కుడి ఎడమలు తెలీదా నాకు?" అంటూ ఆయన అమ్మమ్మ దగ్గరికొచ్చాడు.

"నీ చెయ్యి సంగతి తెలుసు తమ్ముడూ. నా కోడు సంగతే చూడాలి."

ప్రోగ్రాంలో నాలుగు వందల మెథడ్‌లు, అంటే ఒక్కో పని చేసిపెట్టే ముక్కలు. ఒక్కోదాంట్లో ఏం జరిగిందో నమోదు చేసే లాగ్ లైను రాస్తూ కూర్చుంటే తల ప్రాణం తోకకొస్తుంది. అందుకే రిఫ్లెక్షన్ వాడింది. అంటే, నడుస్తున్న ప్రోగ్రామే ప్రతి మెథడ్‌నీ నిలదీసి, "నీ పేరేంటి? నీ చేతికి ఏమేం ఇచ్చారు?" అని అడిగి రాసిపెడుతుందన్నమాట.

మధ్యాహ్నానికి లాగ్ వచ్చింది. విలువలున్నాయి గానీ వాటి పేర్లు లేవు. మొదటిది ఆర్గ్ సున్నా, రెండోది ఆర్గ్ ఒకటి, అంతే.

"ఇదేంటండీ, ఊరూ పేరూ లేకుండా?" ఓనరు నవ్వాడు.

"కంపైల్ చేసేటప్పుడు, అంటే కోడుని యంత్రం భాషలోకి మార్చేటప్పుడు, కంపైలరు పేర్లు పారేస్తుంది లెండి. ఉంచమని చెప్పి మళ్లీ చేస్తా."

"మూడైందండీ."

"ఐదు కాలేదుగా."

తిండి మాట మరిచి మళ్లీ కంపైల్ చేసింది. తిరిగొచ్చిన ఆర్డరునే ఎక్కించింది. ఈసారి పేర్లతో సహా వచ్చింది. ఆర్డరు చదివే మెథడ్‌లో కుడి మైనస్ రెండు, ఎడమ మైనస్ నాలుగు. యంత్రానికి పంపే మెథడ్‌లో కుడి మైనస్ నాలుగు, ఎడమ మైనస్ రెండు! పంపే మెథడ్ ముందు ఎడమ అడుగుతుంటే, దాన్ని పిలిచే లైను ముందు కుడి ఇస్తోంది. రెండూ అంకెలే కాబట్టి కంపైలరు కిక్కురుమనలేదు.

ఆ లైను ఎవరు మార్చారా అని చూసింది. పది రోజుల కిందట, తనే.

అమ్మమ్మ లాగ్ ప్రింటు తీసి ఓనరు బల్ల మీద పెట్టింది.

"ఆయన తప్పేం లేదండీ. నాది."

"మీదా! మరి ఇప్పుడు ఎవర్ని పంపెయ్యమంటారు?"

"సరిదిద్దాక మీ ఇష్టం. ముందు ఆయన్ని యంత్రం దగ్గరికి పంపండి. తొమ్మిది జతలూ మళ్లీ సానపట్టాలి."

సానపట్టే ఆయన అప్పటికే భుజాన వేసుకున్న సంచి దించాడు.

"మొదటి జత మీరే చూసి చెప్పాలక్కా."

"నువ్వే చూడు తమ్ముడూ. ఇవాళ కుడి ఎడమల దగ్గర నా మాట నేనే నమ్మను" అంది అమ్మమ్మ, ఆ లైను సరిచేయడానికి కుర్చీ ముందుకు లాక్కుంటూ.