రేడియేటర్లో బోరు నీళ్లు

పొలం సోలార్ పార్కుకు లీజుకు పోయాక కూడా తెల్లవారుజామునే లేచే అలవాటు నన్ను వదల్లేదు. లేచి చేయడానికే ఏమీ మిగల్లేదు. వేరుశెనగ వేసిన నేలలో ఇప్పుడు గాజు పలకలు వరసగా నిలబడి ఉన్నాయి. కంచె పక్కన కాసేపు నిలబడితే సెక్యూరిటీ అతను వచ్చి ఏం కావాలని అడుగుతాడు. ఏం కావాలో నాకూ తెలియదు. మొదటి లీజు డబ్బు చేతికి రాగానే మా చుట్టుపక్కల చాలామంది చేసినట్టే నేనూ ఒక పాత కారు కొన్నాను. పావగడకు పోయి టీ తాగేవాణ్ణి. తోచక హొసకోటకు పోయి మళ్లీ టీ తాగేవాణ్ణి.

నా భార్య అలా తిరగలేదు. పలకలు కడిగే గుంపులో చేరింది. ఆమె పనిచేసే చోటు పార్కుకు అటు చివర ఉంటుంది. పొద్దు పొడవక ముందే గేటు దగ్గర తలలు లెక్కపెట్టి, అందరినీ ట్రాక్టర్ ఎక్కించి లోపలికి తీసుకుపోతారు. ట్రాక్టర్ కదిలిన తర్వాత వచ్చినవాళ్లు వెనక్కి పోవాల్సిందే. ఆ వేళకు మా ఊరి నుంచి బస్సు లేదు కాబట్టి నేనే దింపేవాణ్ణి. కొన్నాళ్లు ఆలస్యం లేకుండా వస్తే పని ఖాయం చేస్తామని మేస్త్రీ చెప్పాడు. ఇన్నేళ్లు మా చేలో ఆమె చేసిన చాకిరీని నేను పని అనుకోలేదు. ఈ పనికి మాత్రం ఆమె పేరుతో కూలి వస్తుంది.

నాకు అది నచ్చలేదు. నచ్చలేదని ఎవరికీ చెప్పలేదు.

టీ అంగడిలో ఒకాయన అడిగాడు. "ఏమప్పా, డ్రైవర్ పనికి చేరినావంట కదా. ఓనరమ్మ జీతం బాగిస్తాందా?"

"టీకి ఇస్తాంది" అన్నాను. అందరితో పాటు నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి, పులుసులో ఉప్పు లేదని పళ్లెం తోసేశాను.

కారు వేడెక్కడం ఆ రోజుల్లోనే మొదలైంది. చదును దారిలో బాగానే పోయేది. గుట్ట పక్కన రోడ్డు ఎక్కుడు మొదలుకాగానే వేడి చూపే ముల్లు ఎర్ర గీత వైపు జరిగేది. ఆపి, బానెట్ ఎత్తి, చల్లారేదాకా కాచుకోవాలి. ఆమె ఒకసారి తూర్పు వైపు, ఒకసారి ఇంజిన్ వైపు చూస్తూ రోడ్డు మీద అటూ ఇటూ నడిచేది. రెండుసార్లు ట్రాక్టర్ కదలబోతుండగా అందుకుంది. ఇంకోసారి ఆలస్యమైతే వేరే మనిషిని పెట్టుకుంటామని మేస్త్రీ చెప్పేశాడు.

ఫ్యాన్ బెల్టు వదులైందేమో అని కొత్తది వేయించాను. రేడియేటర్ మూత రబ్బరు అరిగిపోయింది, మూత మార్చాను. నీళ్లలో నూనె తేలుతోందా అని చూశాను, లేదు. ఇంజిన్ లోపల చెడలేదన్నమాట. ఫ్యాన్ తిరుగుతోంది, పైపు ఎక్కడా కారడం లేదు. అయినా ఎక్కుడు దగ్గర ముల్లు లేస్తూనే ఉంది.

బెల్టు వేయించుకుని వచ్చిన రోజు మధ్యాహ్నం, ఇంటి ముందు బండి ఆపి, ఫ్యాన్ నిలిచాక రేడియేటర్ రెక్కల మీద చేయి పెట్టి చూశాను. పైన ఒక పక్క కాలిపోతోంది. కింద సగం చల్లగా ఉంది. నీళ్లు అక్కడికి దిగడమే లేదు. లోపలి సన్న గొట్టాలు మూసుకుపోయాయి. అందులో సందేహం లేదు.

ఎందుకు మూసుకుపోయాయో కూడా తెలిసింది. మా ఇళ్లల్లో నీళ్లు రెండు రకాలు. తాగడానికి, వంటకు ఊళ్లోని నీళ్ల ప్లాంటు నుంచి క్యాన్లలో తెచ్చుకునే మంచినీళ్లు. మిగతా అన్నింటికీ బోరు నీళ్లు. ఆ నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. అయినా మోసుకొచ్చిన మంచినీళ్లు కారులో పోసే మనిషి మా ఊళ్లో లేడు. కొన్నప్పటి నుంచి నేను బోరు పైపే పెడుతున్నాను.

ఆ సాయంత్రం నేను రేడియేటర్లో నీళ్లు నింపుతుంటే ఆమె చూసి అంది. "ఆ నీళ్లు మేం పలకల మీద గూడా పొయ్యం. తెల్ల మచ్చలు పడతాయని వేరే ట్యాంకర్ తెప్పిస్తారు. నువ్వు ఇంజిన్లో పోస్తాండావు."

"నువ్వు పలకలు తుడుచుకో పో. బండి సంగతి నాకు తెలుసు" అన్నాను.

తెలుసు. ఆ మాట అబద్ధం కాదు. పావగడకు పోయి రేడియేటర్ విప్పిస్తే ఒక్క పూటలో తేలిపోయే పని. నేను పోలేదు. ఈ రోజు ఎండ, రేపు చూద్దాం, అంగడి తెరిచి ఉండదేమో అనుకుంటూ రోజులు జరిపాను. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. లేచి వాకిట్లోకి పోయి బానెట్ ఎత్తేవాణ్ణి, దించేవాణ్ణి. తెల్లారి అదే బండిలో ఆమెను ఎక్కించుకునేవాణ్ణి.

చివరికి ఒకరోజు ఎక్కుడు సగంలో ఆవిరి లేచింది. నేను ఆపకముందే ఆమె తలుపు తీసింది. "యాడికి?" అన్నాను. ఆమె అన్నం డబ్బా చంకన పెట్టుకుని గబగబా నడిచింది. మలుపు దగ్గర కొంగు నడుముకు దోపుకుని పరుగెత్తింది. నేను బండి దగ్గరే నిలబడ్డాను. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు. వెంట పోవాలో, బండికి కాపలా ఉండాలో తేల్చుకోలేకపోయాను.

చల్లారాక నీళ్లు పోసుకుని గేటు దగ్గరికి చేరాను. ఆమె రోడ్డు పక్క రాయి మీద కూర్చుని చెప్పులో దూరిన ఇసుక దులుపుకుంటోంది. ట్రాక్టర్ పోయింది. నన్ను చూసి మేస్త్రీ దగ్గరికి వచ్చాడు.

"నేనేం చేసేదన్నా, మనిషి తక్కువైతే పైవాళ్లు నన్ను తిడతారు. అక్క జాగాలో ఇంకొకామెను ఏసినాను. ఎవురన్నా రాకపోతే పోన్ చేస్తాలే."

తిరుగు దారి పట్టాం. ముల్లు మళ్లీ లేచింది. ఆపాను. ఇంజిన్ బుసకొడుతుంటే ముందుకు చూస్తూ చెప్పాను. "రేడియేటర్ మూసుకుపోయిందని నాకు ముందే తెలుసు."

"ఎప్పటినుంచి?"

"బెల్టు ఏయించిన దినం నుంచి."

"మరి?"

"నువ్వు పనికి పోకుంటే బాగుండుననుకున్నా."

 ఆమె అద్దం దించింది.

"ఆ మాట నోటితో చెప్పింటే నీతో కొట్లాడింటాను" అంది. "గెలుస్తానో ఓడతానో నాకూ తెలిసేది. నువ్వు కారుతో చెప్పించినావు."

మర్నాడే పావగడకు పోయాను. రేడియేటర్ అంగడి ముసలాయన పై తొట్టి విప్పి లోపలికి చూశాడు.

"ఏందన్నా, దీనికి సున్నం కొట్టించినావా? పండగేమన్నా ఉండాదా ఇంట్లో?"

గొట్టాల నోళ్లన్నీ తెల్లగా గడ్డకట్టి ఉన్నాయి. ఆయన సన్న కమ్మీతో ఒక్కొక్క గొట్టమే పొడుస్తూ పోయాడు. తెల్ల పొడి, తుప్పు కలిసి నేల మీద రాలాయి. నేను కూర్చోలేక అంగడి ముందు తిరుగుతుంటే, "కూసోప్పా, నువ్వు తిరిగితే పని బిరీన కాదు" అన్నాడు. కూర్చున్నాను. మళ్లీ లేచాను.

బిగించాక, బోరు నీళ్లు పోయొద్దని ఆయన చెప్పి పంపాడు. ఊళ్లో ప్లాంటు దగ్గర క్యాన్ పట్టుకుని వరసలో నిలబడ్డాను. "కారుకా, మంచినీళ్లా?" అని వెనకామె నవ్వింది. "రేపు కాపీ గూడా తాపు." ఇంటికి తెచ్చి, కూలెంటు కలిపి నింపాను. ఒక్కణ్ణే ఎక్కుడు దాకా పోయి, పైదాకా ఎక్కించి వచ్చాను. ముల్లు సగం దగ్గరే నిలిచింది. చూపించడానికి పక్క సీట్లో ఎవరూ లేరు.

మేస్త్రీ ఫోన్ ఎప్పుడో ఒకసారి వస్తుంది. వచ్చిన రోజు వేళకు ముందే గేటు దగ్గర దింపుతాను. రాని రోజులే ఎక్కువ. అయినా ఆమె రోజూ చీకటితోనే లేచి వండి, డబ్బాలో అన్నం సర్దుకుని, చీర మీద పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, ఫోన్ ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుంటుంది. పోదామని గానీ వద్దని గానీ నాతో అనదు. నేను నీళ్ల మట్టం చూసి, బండి స్టార్ట్ చేసి, బయట నిలబడతాను. ఎవరి ఫోన్ మోగినా తల తిప్పుతాను. పొద్దు పైకి వచ్చి, ట్రాక్టర్ పోయే వేళ దాటిందని ఇద్దరికీ తెలిశాక, ఆమె లోపలికి పోయి డబ్బా తెరిచి అన్నం రెండు పళ్లేల్లో పెడుతుంది. నేను ఇంజిన్ ఆపి లోపలికి పోతాను.