సాయం నొక్కితే ఎవరూ రాలేదు

ముందే ఒప్పేసుకుంటాను. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పే అలవాటు నాకు లేదు. చినుకు పడితే తుఫాను అంటాను, రెండు తుమ్ములు తుమ్మితే ఆస్పత్రిలో చేరి వచ్చానంటాను. కాబట్టి ఇందులో ఎక్కడైనా కొండ కనిపిస్తే, మీరు దాన్ని గుట్టగా తగ్గించుకుని చదువుకోండి.

అరకులో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. నా పని ఏమిటో ఇల్లుగలాయనకు ఇప్పటికీ అర్థం కాలేదు. కంప్యూటర్లో ఏదో ప్రోగ్రాం వాడుతూ మధ్యలో చిక్కుకున్నవాళ్ళు ఒక బొత్తాం నొక్కుతారు. పక్కన ఇంకో కిటికీ తెరుచుకుంటుంది. ఎడమవైపు విషయసూచిక, కుడివైపు పుటలు, పైన వెతుక్కోవడానికి ఒక గడి. దాన్ని హెల్ప్ బ్రౌజర్ అంటారు. అందులో కనిపించే పుటలన్నీ రాసి, ఏది దేని తర్వాత రావాలో చెప్పి, ఏ మాట వెతికితే ఏ పుట తెరుచుకోవాలో ముడివేసి, అంతా ఒకే మూటగా కట్టి ప్రోగ్రాంతో పాటు పంపడం నా ఉద్యోగం. ఒక్క పుట పేరులో ఒక్క అక్షరం అటూ ఇటూ అయినా "మీరు కోరిన పుట కనబడలేదు" అని ఆ కిటికీ చేతులెత్తేస్తుంది.

మూట కట్టాక సరిగ్గా తెరుచుకుంటుందో లేదో చూడాలి. చూసేది కూడా నేనే. తెరవగానే "నమస్కారం, మీకేం కావాలి?" అని వస్తుంది. పొద్దుట లేచింది మొదలు నన్ను ఆ మాట అడిగేది అదొక్కటే. ఒక రోజు ఉండబట్టలేక, వెతికే గడిలో "పప్పులో ఉప్పెక్కువైంది" అని కొట్టాను. "ఫలితాలు లేవు" అంది. ఈ వయసులో పెళ్ళి సంగతి కూడా అడిగి చూశాను. అదే జవాబు. గోడ మీద బల్లి ఒక్కటే కాస్త జాలిగా చూసింది. ఆ బల్లి మొసలంత ఉంటుంది. మా ఊళ్ళో చలి ఎంతంటే, టీ గ్లాసులోంచి లేచిన ఆవిరి మధ్యదారిలో మనసు మార్చుకుని మళ్ళీ గ్లాసులోకే దిగిపోతుంది. ఇంత చిత్రాన్ని పక్కనుండి చూసేవాళ్ళు లేక, నేనే "చూశావా?" అని నేనే "ఊఁ" అనుకుంటాను.

కొండల్లో కాఫీ పళ్ళు కొనే కేంద్రాల కోసం మా కంపెనీ ఒక ప్రోగ్రాం తయారుచేసింది. రైతు బస్తాను కాటా మీద పెడితే బరువు కంప్యూటర్లోకి ఎక్కి చీటీ వస్తుంది. దానికి తెలుగు మూట కట్టింది నేనే. బొత్తాం మీద "సహాయం" అంటే ఆఫీసు వాసన వేస్తుందని, ఇంటి మాటలా ఉంటుందని "సాయం" అని పెట్టాను. ఆ మాట తట్టిన రోజు నాకు నేనే సన్మానం చేసుకుని శాలువా కప్పుకున్నాను. చలికి ఎలాగూ కప్పుకోవాలి.

పళ్ళ కాలం మొదలైన కొత్తలో మా మేనేజరమ్మ నగరం నుంచి ఫోన్ చేసింది.

"తెలుగు హెల్ప్ మీద ఇంతవరకు ఒక్క ఫిర్యాదు కూడా రాలేదండీ."

"చాలా సంతోషమండీ."

"సంతోషం కాదు. తప్పుల్లేకుండా ఎవరూ రాయలేరు. ఫిర్యాదు రాలేదంటే ఎవరూ తెరవలేదని. వచ్చేసారి తీసేద్దాం. ఇంగ్లీషుది ఉంది కదా."

"ఒక్కరైనా చదివే ఉంటారండీ."

"ఆ ఒక్కరి మాట ఒక్కటి తెచ్చి చూపించండి, ఉంచేస్తాను."

నా జీతానికి ఢోకా లేదు. ఇంగ్లీషు మూటలు కట్టుకుంటూ నిక్షేపంగా బతకొచ్చు. కానీ ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా భాషలో రాసింది ఆ ఒక్కటే. దాన్ని ఈ భూమ్మీద ఒక్క మనిషి చదివితే చాలనిపించింది. ఫోన్ చేసి అడుగుదామంటే కేంద్రాల దగ్గర సిగ్నల్ ఉండదు. లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని చింతపల్లి వైపు బయలుదేరాను.

చింతపల్లిలో ఎక్కిన జీపులో మండలం జనాభాలో సగం లోపల కూర్చుంది, మిగతా సగం పైన. నా ఒళ్ళో ఎవరిదో కోడి. అది గుడ్డు పెట్టి, పిల్లను చేసి, ఆ పిల్ల కూత నేర్చేదాకా మేము ఘాట్ రోడ్డు ఎక్కుతూనే ఉన్నాం. ఒక మలుపులో ఎదురుగా ఏదో బండి వస్తోందని గట్టిగా కేకేశాను. తీరా చూస్తే అది మా జీపు వెనకభాగమే.

కేంద్రమంటే రేకుల షెడ్డు. ముందు కాటా, లోపల కంప్యూటరు, వెనక గోదాం. చూసుకునేది ముప్పై దాటిన ఆ ఊరి మనిషి, ఒక్కతే. ఒక ముసలి రైతు తన బస్తాను కాటా మీద పెట్టించి, దాని పక్కనే చతికిలబడి చుట్ట కాలుస్తున్నాడు. నేను ఫలానా అని చెప్పుకుని, గొంతు సవరించుకుని అడిగాను.

"ఈ 'సాయం' బొత్తాం ఎప్పుడైనా నొక్కారా అమ్మా?"

"ఓపాలి నొక్కినాను సారూ. ఎవులూ రానేదు."

"రావడమేమిటి? ఎవరు రావాలి?"

"ఎవులో ఒకులు. సాయమని రాసున్నాది గదా! ఆ యేళ మా ఆయన సంతకెల్లినాడు. బస్తాలు గోదాంలోకి ఎయ్యాల. నొక్కీసి గుమ్మంలో నిలబడినాను. సీకటడిపోనాది, ఆకరి జీపు కూడా ఎల్లిపోనాది."

నవ్వబోయి ఆగాను. ఆమె మొహంలో నవ్వు లేదు. చిన్నప్పుడు మా ఇంట్లోనూ అంతే. దుకాణానికి వెళ్ళాలన్నా, చీకట్లో పెరట్లోకి వెళ్ళాలన్నా "సాయం రా" అనేవాళ్ళు. సాయమంటే పక్కన నడిచే మనిషి. ఎవరూ పిలవక ఆ అర్థం నాలో ఎండిపోయింది. ఆమెకు అదొక్కటే అర్థం.

"మరి నొక్కితే కంప్యూటర్లో ఏమొచ్చింది?"

"డబ్బాలొచ్చినాయి. వరస వరసగా డబ్బాలు. బస్తాలు లెక్కెడతంది గావాలనుకున్నాను. ఎన్నున్నాయో సూసుకుని మనిసిని అంపుతారని."

నొక్కి చూశాను. నిజమే. నా విషయసూచిక డబ్బాలు, నా పుటలు డబ్బాలు, నా నమస్కారం కూడా డబ్బాలే. ఆ పాత కంప్యూటర్లో తెలుగు అక్షరాల ఫాంటు లేదు. బొత్తాం మీది మాట బొమ్మగా వేసింది కాబట్టి అదొక్కటే కనిపించింది. నా దాంట్లో ముందునుంచీ ఉంది కాబట్టి మూటలో వేయాలని తట్టలేదు. నేను పంపింది మాటలు, వాటి రూపాలు అరకులోనే ఉండిపోయాయి. అక్కడే కూర్చుని ఫాంటు కూడా కలిపి మళ్ళీ మూట కట్టి, పెన్‌డ్రైవ్‌తో ఎక్కించాను. అక్షరాలు వచ్చాయి. ఆమె కూడబలుక్కుని పైకి చదివింది.

"తూనిక యంత్రము ప్రతిస్పందించని యెడల..."

"ఏటే గుంటా, ఎవులికి దెయ్యం పట్టినాది? మంత్రాలు సదువుతన్నావు?" అన్నాడు ముసలాయన.

బొత్తాం మీద చూపించిన దయ లోపలి పుటల్లో చూపించలేదని నాకప్పుడు తెలిసింది. "కాటా కదలకపోతే మీరేమంటారు?" అని అడిగాను.

"తూకం కదలట్నేదంతాం."

అదే లాప్‌టాప్‌లో కొట్టుకున్నాను. ఇకనుంచి ఆ మాట వెతికితే ఆ పుట తెరుచుకుంటుంది. "సీటీ రానేదు" అంది, కొట్టుకున్నాను. "కాటా అలిగీసినాదని కూడా రాసుకో బాబూ" అన్నాడు ముసలాయన. అదీ కొట్టుకున్నాను. ఒకరు చెబుతుంటే ఒకరు సరిదిద్దుతూ, మధ్యలో నన్ను వెక్కిరిస్తూ, మధ్యాహ్నం గడిచిపోయింది. అంతసేపు వరసగా మనుషుల గొంతులు విని ఎన్నాళ్ళయిందో.

లేవబోతుంటే ఆమె బొత్తాం వైపు చూపించింది.

"మనిసి రాకపోతే సాయమని రాయకండి సారూ. అబద్దమైపోతాది."

నన్ను అబద్ధాలకోరు అన్నవాళ్ళతో ఒక రైలు నింపొచ్చు. కానీ నేను మనస్ఫూర్తిగా పెట్టిన మాటకు అబద్ధమన్న పేరు పడటం అదే మొదలు.

"మరేం రాయమంటారు?"

"ఎలా సెయ్యాల అని రాయండి. అదే గదా సెప్తంది."

"సాయం రాసినోడు ఊరికే ఎల్లిపోతాడేటి? ఈ బస్తా అటు పట్టమను" అన్నాడు ముసలాయన. పట్టాను. ఆ బస్తా ఏనుగంత బరువు, అదీ అడవిలో మేసి వచ్చిన ఏనుగు. ఉన్నవన్నీ గోదాంలోకి చేర్చాక ఆమె టీ ఇచ్చింది. "పై ఏడు పళ్ళకాలానికీ మీరే రండి సారూ, సాయం" అంది.

చింతపల్లిలో సిగ్నల్ దొరకగానే మేనేజరమ్మకు ఫోన్ చేశాను. బొత్తాం గురించి కేంద్రంలో ఆమె అన్నది పొల్లు కూడా పెంచకుండా అప్పచెప్పాను.

"ఇది మెప్పు కాదు కదండీ."

"కాదండీ. ఫిర్యాదు."

"ఫిర్యాదు వచ్చిందంటే ఎవరో తెరిచారన్నమాటే. సరే, ఉంచండి."

అలా తెలుగు మూట నిలబడింది. ఇప్పుడు అన్ని కేంద్రాల్లోనూ ఆ బొత్తాం మీద "ఎలా చెయ్యాలి?" అని ఉంటుంది. వెతికే గడిలో అలిగిన కాటాకు కూడా జవాబు ఉంది. అక్కడినుంచి మళ్ళీ నాకు కబురేమీ రాలేదు. మూట బాగా కట్టినవాణ్ణి ఎవరూ పిలవరు. పిలవాల్సిన పని ఉండదు.

ఇక మొదట్లో ఒప్పుకున్నదానికి తోడు, చెప్పాల్సింది చెప్పేస్తాను. ఇందులో చాలావరకు పెంచినవే. లోపల ఎంతో కొంత ఉంటే దానికి గాలి కొట్టాను. లోపల ఏమీ లేకుండా కల్పించింది ఒక్కటే. పై ఏడు రమ్మని ఆమె అనలేదు. ఖాళీ గ్లాసు నా చేతిలోంచి తీసుకుంటూ, "బేగెల్లండి సారూ, జీపెల్లిపోతాది" అంది.