వనజ సగం విన్న ఐదో పాఠం

నిన్న పొద్దున వనజ బాగానే లేచింది. కాఫీ కలిపింది. నాకు ఇచ్చింది, తను తాగింది.

ఎప్పటిలాగే భోజనాల బల్ల దగ్గర ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంది. ఒక చెవిలో ఇయర్‌ఫోన్. ఇంకో చెవి ఇంటికి.

కాసేపటికి "ఎదలో పట్టేసినట్టు ఉండాదండీ" అంది. ఒళ్ళంతా చెమట. రాబర్ట్‌సన్‌పేట ఆసుపత్రిలో చూపించాను. వెంటనే కోలారుకు తీసుకుపొమ్మన్నారు.

దారిలోనే పోయింది. నా చెయ్యి పట్టుకునే ఉంది.

ఈరోజు మధ్యాహ్నానికి దహనం అయిపోయింది.

ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేదు. అందుకే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

వనజ నా భార్య. పుట్టుకతో చూపు లేదు. కాలేజీలో చరిత్ర చెప్పేది. ఇంటికొచ్చాక ఇంకో పని పెట్టుకుంది. జిల్లాలో చూపులేని పిల్లలకు పాఠ్యపుస్తకాలు తయారుచేయడం.

నేను పేజీలు స్కాన్ చేసేవాణ్ణి. కంప్యూటర్ వాటిని అక్షరాలుగా మార్చేది, బోలెడన్ని తప్పులతో. స్క్రీన్ రీడర్ తెర మీది మాటలు చదివి వినిపిస్తుంటే వనజ ఆ తప్పులు పట్టి దిద్దేది. ఎక్కడైనా అనుమానం వస్తే నేను పుస్తకం చూసి చెప్పేవాణ్ణి.

ఫైళ్ళన్నీ క్లౌడ్‌లో ఉంటాయి. రెండు ఫోల్డర్లు. "వినాల్సినవి", "విన్నవి". పిల్లలకు షేర్ చేసింది రెండోది మాత్రమే. చివరి పేజీ దాకా తను వినకుండా ఏ ఫైలూ అందులోకి వెళ్ళలేదు.

మౌస్ ముట్టేది కాదు. అంతా కీబోర్డే. బాణం కీలు నొక్కుతూ ఒక్కో ఫైల్ పేరు వింటూ దిగేది. పేరులో మొదటి అక్షరం కొట్టి నేరుగా అక్కడికే పోయేది.

ఆ క్లౌడ్ సైట్ వాళ్ళు దాని రూపం మార్చినప్పుడల్లా పని మళ్ళీ మొదటికి వచ్చేది. ట్యాబ్ నొక్కితే "బటన్, బటన్, బటన్" అని వినిపించేది. ఏం బటనో చెప్పదు.

"ఇంతమంది బిడ్డల్ని కన్నారు, ఒక్కరికీ పేరు పెట్టలేదే వీళ్ళు" అనేది.

నవ్వేది. కానీ అలసిపోయేది. నాకు తెలుసు.

ఒక వేసవిలో ఆమె తమ్ముడు చంద్ర వచ్చాడు. రాయల్పాడులో మామిడితోట వాడిది. అక్కకు సాయం చేద్దామని, అక్క నిద్రపోతుండగా ఫోల్డర్లు సర్దాడు. ఒకదానికి ఎర్ర రంగు, ఒకదానికి పచ్చ రంగు వేశాడు. రంగు ఉండగా ఇంత పొడుగు పేర్లెందుకని, రెండింటికీ "పుస్తకాలు" అని పెట్టేశాడు.

సాయంత్రం వనజ కూర్చుంది. "పుస్తకాలు" అంది కంప్యూటర్. బాణం నొక్కింది. మళ్ళీ "పుస్తకాలు."

"చంద్రా, ఏం చేసినావురా?"

"రంగులేసినానక్కా. ఎర్రది ఇంగా వినాల్సింది, పచ్చది అయిపోయింది. చూస్తానే తెలిసిపోతాది."

"ఎవురికి?"

వాడు నాలుక కరుచుకున్నాడు.

"మామిడికాయలు కూడా అంతేనా నువ్వు? రంగు చూసి బుట్టకెత్తేస్తావా? ముక్కుతో పనే లేదా?"

ఆ రాత్రి అన్నం తినేముందు వాడే పేర్లు మళ్ళీ రాశాడు. వనజ పక్కన కూర్చుని, ఒక్కొక్కటీ చదివించుకుని విన్నది.

ఇప్పుడు విషయం.

మంజుల అని ముళబాగిలు దగ్గరి అమ్మాయి. బి.ఎడ్. చదువుతోంది. చూపు లేదు. సోమవారం పరీక్ష. కన్నడ పుస్తకం, ఐదు పాఠాలు. నాలుగు అందాయి. నిన్న పొద్దున వనజ వింటున్నది ఐదోది.

మంజుల మధ్యాహ్నం ఫోన్ చేసింది. ఏడ్చింది. "సార్, ఏమైనా తిన్నారా?" అని అడిగింది. పాఠం సంగతి ఎత్తలేదు. ఎత్తదు కూడా.

సాయంత్రం ల్యాప్‌టాప్ తెరిచాను. ఫైల్ "వినాల్సినవి"లోనే ఉంది.

చంద్ర వెనకాల నిలబడి ఉన్నాడు. "పంపించెయ్ బావా. ఆ పిల్ల చదువుకుంటాది పాపం" అన్నాడు.

మౌస్‌తో లాగి అవతలి ఫోల్డర్‌లో వేస్తే అయిపోయేది. చెయ్యి మౌస్ మీదికి పోయింది కూడా.

ముందు ఫైల్ తెరిచాను. ఎక్కడ ఆపితే అక్కడ @@ అని కొట్టి పెట్టడం వనజ అలవాటు. మళ్ళీ వచ్చినప్పుడు దాన్ని వెతికితే నేరుగా అక్కడికే పోవచ్చు. వెతికాను. పాఠం మధ్యలో దొరికింది. అంత నొప్పిలోనూ గుర్తు పెట్టే లేచింది.

దాని తర్వాతి పేజీ కళ్ళతో చదివాను. బాగానే ఉంది అనిపించింది. అదే పేజీ స్క్రీన్ రీడర్‌తో విన్నాను. ఒక వాక్యం దగ్గర తేడా కొట్టింది. పుస్తకం తీసి చూస్తే, "అల్ల", అంటే కన్నడంలో "కాదు" అనే మాట, జారిపోయి ఉంది. అర్థం పూర్తిగా తిరగబడింది. మంజుల అదే నేర్చుకుని అదే రాసి ఉండేది.

చంద్రకు చూపించాను.

"అయితే ఇంగ ఎవరు వింటారు బావా?" అన్నాడు.

నేను ఆమె కుర్చీలో కూర్చునే ఉన్నాను.

వనజా, చాలా పని చేశావు. ఇక నువ్వు దిద్దాల్సిందేమీ లేదు. నిమ్మళంగా ఉండు.

రేపు పాలు పోయడానికి శ్మశానానికి వెళ్ళాలి. దానికి ముందే, తెల్లవారగానే లేచి, పుస్తకం పక్కన పెట్టుకుని, నువ్వు ఆపిన చోటు నుంచి చివరి పేజీ దాకా వింటాను. ఆ తర్వాతే ఫైల్ "విన్నవి"లోకి మార్చి మంజులకు ఫోన్ చేస్తాను.